జ్వరం పోయిన నెలకు వచ్చే జబ్బు

ఒక కుర్రాడిని ఊహించుకుందాం. ఇరవై నాలుగేళ్లవాడు. హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుంటూ, లాక్‌డౌన్ పెట్టగానే హాస్టల్ ఖాళీ చేసి ఖమ్మం దగ్గర సొంతూరికి వచ్చేశాడు. 2021 జూన్ నెల. రెండో వేవ్ సద్దుమణిగింది, జనం మాస్కులు గడ్డం కిందికి దించుతున్నారు. అప్పుడు మొదలైంది జ్వరం. 103కి తగ్గదు. మొదటి రోజు కడుపునొప్పి, విరేచనాలు. తిన్నదేదో పడలేదనుకున్నారు. ఊళ్లో ఆరెంపీ ఒక సెలైన్ పెట్టి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేశాడు. మూడో రోజుకు కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. కళ్లకలక అందామంటే పుసి లేదు, నీరు కారడం లేదు. ఛాతీ మీద, చేతుల మీద దద్దుర్లు. సీబీపీ చేయిస్తే ప్లేట్‌లెట్లు 90 వేలు. ఇంకేముంది, డెంగీ అన్నారు. ఇంట్లో బొప్పాయి ఆకుల రసం మొదలైంది.

ఐదో రోజు పొద్దున లేచి నిలబడబోతే కళ్లు తిరిగి పడ్డాడు. టౌన్లో ఆస్పత్రికి తెచ్చేసరికి బీపీ 80/50, చేతులు చల్లగా ఉన్నాయి. డెంగీ టెస్టు నెగెటివ్. మలేరియా లేదు. కొవిడ్ ఆర్టీపీసీఆర్ కూడా నెగెటివ్. బీపీ పడిపోయింది కాబట్టి సెలైన్ గట్టిగా ఎక్కించారు. రెండో లీటరు సగానికి వచ్చేసరికి కుర్రాడికి ఆయాసం. పడుకోలేడు, కూర్చుంటేనే గాలి ఆడుతోంది. అప్పుడు 2డీ ఎకో తీశారు. మామూలుగా గుండె ఒక్కో దెబ్బకు తనలో నిండిన రక్తంలో 55 శాతమో ఆపైనో బయటికి నెడుతుంది. ఇతని గుండె 30 శాతమే నెడుతోంది.

డాక్టరు బయటికొచ్చి తల్లిని అడిగాడు. "అమ్మా, ఏప్రిల్, మే నెలల్లో మీ ఇంట్లో ఎవరికన్నా కొవిడ్ వచ్చిందా?"

"మా ఆయనకొచ్చింది సార్. ఇంట్లోనే తగ్గింది. వీడికేం రాలేదు. రెండ్రోజులు కూరలో వాసన తెలవట్లేదన్నాడు, అంతే."

ఆ "అంతే" దగ్గరే ఉంది జబ్బంతా. ఈ కుర్రాడు నేను అల్లిన మనిషి. లక్షణాలు మాత్రం అల్లినవి కావు, వాటి వరస కూడా కాదు. వైద్య పత్రికల్లో వచ్చిన కేసులు చాలావరకు ఇలాగే నడిచాయి. ఈ జబ్బుకు పెట్టిన పేరు మల్టీసిస్టమ్ ఇన్‌ఫ్లమేటరీ సిండ్రోమ్ ఇన్ అడల్ట్స్. పొట్టిగా ఎంఐఎస్-ఏ. కొవిడ్ వచ్చి తగ్గిపోయాక, చాలాసార్లు వచ్చినట్టే తెలియకుండా పోయాక, నాలుగైదు వారాలకు ఒంట్లో చాలా అవయవాలు ఒక్కసారిగా ఎర్రబడి వాచిపోయే జబ్బు ఇది.

పిల్లల దగ్గర మొదలై

ఇది మొదట పిల్లల్లో బయటపడింది. 2020 ఏప్రిల్ నెలాఖరులో బ్రిటన్ పిల్లల డాక్టర్లు ఒకరినొకరు హెచ్చరించుకున్నారు. ఆ ఏప్రిల్ మధ్యలో లండన్‌లో పది రోజుల వ్యవధిలో ఎనిమిది మంది పిల్లలు ఒకే తీరున షాక్‌లోకి వెళ్లిన సంగతిని మే నెలలో 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. విడవని జ్వరం, దద్దుర్లు, ఎర్రకళ్లు, కడుపునొప్పి, బలహీనపడిన గుండె. చూడగానే పిల్లల డాక్టర్లకు గుర్తొచ్చిన పేరు కవాసాకి జబ్బు, చిన్నపిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు. టొమిసాకు కవాసాకి అనే జపాన్ డాక్టరు 1961లో తొలి కేసు చూసి, 1967లో 50 మంది పిల్లల వివరాలతో వ్యాసం రాశాడు. లండన్ వార్తలు ప్రపంచమంతా తిరుగుతుండగానే, 2020 జూన్‌లో, 95వ ఏట ఆయన కన్నుమూశాడు.

పెద్దవాళ్ల వంతు కొన్ని నెలల తర్వాత వచ్చింది. 2020 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 21 నుంచి 50 ఏళ్ల మధ్య 27 మంది కేసులు ఒకచోట చేర్చింది. వాళ్లలో చాలామందికి ఊపిరితిత్తులు పెద్దగా చెడలేదు. గుండె, పేగులు, చర్మం, నరాలు దెబ్బతిన్నాయి. అప్పటిదాకా కొవిడ్ అంటే ఊపిరితిత్తుల జబ్బనీ, సీటీ స్కాన్‌లో స్కోరెంత అనీ చూసే రోజులవి. ఛాతీ స్కాన్ బాగుంటే హమ్మయ్య అనుకుని ఇంటికి పంపేసే వీలుంది. 2021 సెప్టెంబరులో 'జామా నెట్‌వర్క్ ఓపెన్' అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష అప్పటివరకు తెలిసిన 221 మంది లెక్క తీసింది. జ్వరం 96 శాతం మందికి ఉంది. బీపీ పడిపోవడం 60 శాతం మందిలో, గుండె పనితీరు తగ్గడం 54 శాతం మందిలో. సగం మందికి పైగా ఐసీయూకి వెళ్లారు, 7 శాతం మంది చనిపోయారు. ఒక్కొక్కరిలో సగటున ఐదు అవయవ వ్యవస్థలు దెబ్బతిన్నాయి. పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. కొవిడ్‌కూ దీనికీ మధ్య ఎడం మామూలుగా నాలుగు వారాలు.

ఆ 221 మందిని వయసు వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికి 21 ఏళ్లు. నాకు ఈ లెక్కలన్నిటిలో ఎక్కువ చెప్పే అంకె ఇదే. అమెరికా వాళ్లు 21 దాటితే పెద్దల జబ్బు, దాటకపోతే పిల్లల జబ్బు అని గీత గీశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 దగ్గర గీసింది. గీతలు ఫైళ్ల కోసం. ఒంటికి ఆ సంగతి తెలియదు. ఇవి రెండు జబ్బులు కావనీ, పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఒకే జబ్బు తోక పెద్దవాళ్ల దాకా సాగిందనీ నా అభిప్రాయం. కాకపోతే ఆ తోక పట్టుకోవడం కష్టం. పిల్లల డాక్టరుకు కవాసాకి తెలుసు, ఎర్రకళ్లూ దద్దుర్లూ చూడగానే బుర్రలో గంట మోగుతుంది. పెద్దల వార్డులో ఆ గంట లేదు. అక్కడ అదే మనిషిని చూసి టైఫాయిడా, డెంగీనా, సెప్సిస్సా అని ఆలోచిస్తారు.

సెగ్గడ్డ ఒళ్లంతా లేస్తే

ఇన్‌ఫ్లమేషన్ అనే మాటకు తెలుగులో ఒకే ఒక్క సరైన పదం చెప్పమంటే తడబడతాం. వాపు అంటే సగమే, మంట అంటే ఇంకో సగం. కానీ అదేమిటో తెలియనివాళ్లెవరూ లేరు. వేసవిలో సెగ్గడ్డ లేస్తుంది కదా, ఎర్రగా, వేడిగా, వాచి, సలుపుతూ. ఆ నాలుగూ కలిస్తే ఇన్‌ఫ్లమేషన్. ఒంటి కాపలా కణాలు అక్కడికి పరిగెత్తి, రక్తనాళాల గోడలు వదులు చేసి, సాయం రమ్మని రసాయనాలు వదిలితే కనబడే గుర్తులవి. గడ్డ ఒకచోట ఉంటే వారంలో పగిలి మానుతుంది. అదే పని గుండె కండరంలో, పేగు గోడలో, కంటిపొరలో, రక్తనాళాల లోపలి పొరలో ఒకేసారి జరిగితే ఎంఐఎస్-ఏ.

ఇక్కడ రెండు సంగతులు విడదీసి చూడాలి. కొవిడ్ రెండో వారంలో ఆక్సిజన్ పడిపోవడం మనందరికీ గుర్తే. అప్పట్లో టీవీల్లో వినబడిన 'సైటోకైన్ స్టార్మ్' అదే. అక్కడ వైరస్ ఇంకా ఒంట్లో ఉంది, పోరు ఊపిరితిత్తుల్లో జరుగుతోంది. ఎంఐఎస్-ఏ నాటికి గొంతులో వైరస్ దాదాపు ఉండదు, అందుకే ఆర్టీపీసీఆర్ చాలామందిలో నెగెటివ్ వస్తుంది. యాంటీబాడీలు మాత్రం నిండుగా ఉంటాయి. దొంగ గోడ దూకి పోయాడు. ఊరంతా కర్రలు పట్టుకుని చీకట్లో ఒకళ్లనొకళ్లు బాదుకుంటున్నారు.

ఇలా ఆలస్యంగా ఎదురుతిరగడం మనకు కొత్త కాదు. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి పోయిన రెండు మూడు వారాలకు కీళ్లు వాచి, గుండె కవాటాలు దెబ్బతినే రుమాటిక్ జ్వరం మన ఊళ్లలో ఎంతమందికి రాలేదు! 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయించుకుంటూ పెరిగినవాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. అక్కడ మొదటి దోషి బ్యాక్టీరియా, ఇక్కడ వైరస్. తీరు మాత్రం దగ్గరది. ఇక చికున్‌గున్యా సంగతి చెప్పనే అక్కర్లేదు. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలై 2006లో దేశమంతా పాకిన ఆ జ్వరం వారంలో పోయింది, కీళ్లనొప్పులు కొందరిని ఏళ్ల తరబడి వదల్లేదు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని పక్కకు తిరిగి దిగేవాళ్లు. జ్వరం తగ్గితే జబ్బు తగ్గినట్టే అని అనుకోకూడదని మన మోకాళ్లకు అప్పుడే తెలిసింది.

అయితే కొవిడ్ వచ్చిన కోట్లమందిలో కొద్దిమందికే ఇలా ఎందుకవుతుంది? దీనికి ఒక్క జవాబు రాలేదు, మూడు నాలుగు ముక్కలు దొరికాయి. దొరికినవన్నీ దాదాపు పిల్లల్లో చేసిన పరిశోధనలే.

మొదటి ముక్క పేగుల్లో ఉంది. ముక్కులో వైరస్ పోయినా కొందరి పేగుల్లో వారాల తరబడి నిలిచి ఉంటుందనీ, పేగు గోడ వదులై దాని పైనుండే ముల్లు లాంటి స్పైక్ ప్రొటీన్ ముక్కలు రక్తంలోకి కారతాయనీ బోస్టన్ పరిశోధకులు 2021లో చూపించారు. జబ్బు కడుపునొప్పితో ఎందుకు మొదలవుతుందో దీంతో కొంత అర్థమవుతుంది. రెండో ముక్క టీ-కణాల్లో ఉంది. రోగనిరోధక వ్యవస్థలో టీ-కణాలకు రకరకాల వంశాలున్నాయి. ఈ పిల్లల్లో అందులో ఒక వంశం అసాధారణంగా పెరిగి కనిపించింది. స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా విషంతో వచ్చే టాక్సిక్ షాక్‌లోనూ ఇలాగే కొన్ని వంశాలు గంపగుత్తగా రెచ్చిపోతాయి. స్పైక్‌లో ఒక భాగం ఆ విషాన్ని పోలి ఉందనే వాదన అక్కడి నుంచి పుట్టింది.

మూడోది 2024లో 'నేచర్'లో వచ్చింది. వైరస్ లోపలి ప్రొటీన్‌లో ఒక చిన్న ముక్క, మన కణాల్లో ఉండే ఎస్ఎన్ఎక్స్8 అనే ప్రొటీన్ ముక్కను పోలి ఉంది. జబ్బు పడిన పిల్లల్లో సుమారు మూడో వంతు మందిలో ఆ రెండింటినీ పట్టుకునే యాంటీబాడీలు కనిపించాయి. శత్రువు ఫొటో పట్టుకుని వెతుకుతుంటే అదే పోలికలున్న పక్కింటివాడు దొరికాడన్నమాట. 2025లో బెర్లిన్ బృందం ఇంకో మలుపు తిప్పింది. ఈ పిల్లల్లో టీజీఎఫ్-బీటా అనే రసాయనం విపరీతంగా పెరిగి టీ-కణాల చేతులు కట్టేస్తోందనీ, చిన్నప్పుడే ఒంట్లో చేరి నిద్రపోతూ ఉండే ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఆ సందులో లేచి కూర్చుంటోందనీ వాళ్లు చెప్పారు. అంటే కర్రలు పట్టుకుని తిరుగుతున్న ఊళ్లో నిజంగానే ఇంకో దొంగ ఉన్నాడేమో. జన్యువుల్లో లోపాలు కూడా దొరికాయి. కానీ 2023లో 'సైన్స్'లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 558 మందిలో ఐదుగురికే. మిగతావాళ్ల సంగతి దాంతో తేలదు.

రెండో లీటరుకు ముందు

తెలుగు నేల మీద ఈ జబ్బును గుర్తుపట్టడం లండన్‌లో కంటే ఎందుకు కష్టమో ఇప్పుడు చూద్దాం. వాళ్లకు డెంగీ లేదు, చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ లేదు, ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ అరుదు. మనకు వానాకాలం వచ్చిందంటే ఈ మూడూ ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఉంటాయి. మూడింటిలోనూ జ్వరం, ప్లేట్‌లెట్లు తగ్గడం, బీపీ పడిపోవడం జరగొచ్చు. లెప్టోలో కళ్లు కూడా పుసి లేకుండానే ఎర్రబడతాయి.

డెంగీలో షాక్ ఎలా వస్తుందంటే, మామూలుగా జ్వరం తగ్గుతున్న రోజుల్లో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది, రక్తం చిక్కబడుతుంది. సీబీపీలో హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల పాలు, పెరుగుతుంది. సెలైన్ లెక్కగా ఎక్కిస్తే మనిషి బతుకుతాడు. ఎంఐఎస్-ఏలో జ్వరం తగ్గదు, తగ్గకుండానే బీపీ పడుతుంది. చాలాసార్లు కారణం నీరు చాలకపోవడం ఒక్కటే కాదు, పంపు నీరసించడం. పంపు పాడైన బోరు దగ్గర తొట్టి నింపితే పొలానికి నీరు పారదు, తొట్టి పొర్లుతుంది. ఇక్కడ పొర్లేది ఊపిరితిత్తుల్లోకి. మన కుర్రాడికి రెండో లీటరులో ఆయాసం వచ్చింది అందుకే. బీపీ అంకె రెండు జబ్బుల్లోనూ ఒకటే, చేయాల్సిన పని దాదాపు తలకిందులు. అందుకే జ్వరంతో షాక్‌లో వచ్చిన పడుచు మనిషికి, కారణం తేలనప్పుడు, రెండో లీటరు తగిలించేముందు గుండె మీద ఎకో ప్రోబ్ పెట్టి చూడాలి. పది నిమిషాల పని. ఈ వ్యాసంలో గట్టిగా చెప్పదలచుకున్నది ఏదన్నా ఉంటే ఇదే.

రక్తపరీక్షలు కూడా చదవడం తెలిస్తే మాట్లాడతాయి. డెంగీలో మామూలుగా తెల్లకణాలు తగ్గుతాయి. ఎంఐఎస్-ఏలో మొత్తం తెల్లకణాలు పెరుగుతాయి, అందులో లింఫోసైట్లు మాత్రం తగ్గుతాయి. ఒంట్లో మంట ఎంతుందో చెప్పే సీఆర్పీ డెంగీలో పెద్దగా ఎగరదు. ఇక్కడ పది లోపు ఉండాల్సిన సీఆర్పీ వంద దాటడం మామూలే. ఫెరిటిన్, డి-డైమర్ పెరుగుతాయి, గుండె కండరం దెబ్బతిందని ట్రోపోనిన్ చెబుతుంది. ఇవన్నీ ఉన్నా సరే, స్క్రబ్ టైఫస్ కాదని తేల్చుకోవాలి. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద సిగరెట్ చురక పెట్టినట్టు నల్లటి పక్కు ఉందేమో బట్టలు తీసి వెతకాలి. సిగ్గుపడి చూడకపోతే దొరకదు. తేలేలోగా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టే డాక్టర్లున్నారు, అది తెలివైన పనే. చవకైన మందు, స్క్రబ్ అయితే ప్రాణం నిలబెడుతుంది.

మరి యాంటీబాడీ టెస్టు చేస్తే తేలిపోదా? 2020లో తేలేది. 2021 జూన్, జులైల్లో ఐసీఎంఆర్ నాలుగో సీరో సర్వే చేసినప్పుడే దేశంలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి. సర్వే చేసిన జిల్లాల్లో మన కృష్ణా, నెల్లూరు, విజయనగరం, జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలూ ఉన్నాయి. మూడింట రెండొంతుల మందికి పాజిటివ్ వచ్చే టెస్టు ఒక మనిషి గురించి ఏం చెబుతుంది? స్పైక్ యాంటీబాడీ వ్యాక్సిన్ వల్లా వస్తుంది. పోనీ వైరస్ లోపలి న్యూక్లియోకాప్సిడ్ ప్రొటీన్ మీది యాంటీబాడీ చూద్దాం, అది ఇన్‌ఫెక్షన్ వల్లే వస్తుంది కదా అంటే, కొవిషీల్డ్ వేసుకున్నవాళ్ల వరకు ఆ మాట నిజం. కొవాగ్జిన్‌లో చంపేసిన వైరస్ మొత్తం ఉంటుంది కాబట్టి దాంతో ఆ యాంటీబాడీ కూడా రావచ్చు. అందుకే తిరిగి తిరిగి ఆ తల్లిని అడిగిన ప్రశ్న దగ్గరికే వస్తాం. నెల, నెలన్నర కింద ఇంట్లో ఎవరికన్నా జ్వరం, దగ్గు, వాసన పోవడం జరిగిందా?

మందు ఒకటే, వేళ వేరు

చికిత్స వివరాలు చాలావరకు పిల్లల నుంచి అరువు తెచ్చుకున్నవే. పెద్దల్లో పెద్ద ట్రయల్ జరగలేదు. వాడేవి ముఖ్యంగా రెండు. ఒకటి ఐవీఐజీ. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీల సారం. రెండోది స్టెరాయిడ్, ఎక్కువగా మిథైల్‌ప్రెడ్నిసొలోన్.

ఐవీఐజీ మోతాదు కిలో బరువుకు రెండు గ్రాములు. పదిహేను కిలోల పిల్లవాడికి 30 గ్రాములు, ఐదు గ్రాముల సీసాలు ఆరు. అరవై కిలోల మన కుర్రాడికి 120 గ్రాములు, అంటే ఇరవై నాలుగు సీసాలు. బిల్లు లక్షల్లోకి పోతుంది. డబ్బు అటుంచి, పది శాతం ద్రావణమైతే అది లీటరున్నర దాకా కాకపోయినా 1,200 మిల్లీలీటర్లు. సెలైన్ ఎక్కువై ఆయాసపడుతున్న గుండెకు ఇంకో లీటరుకు పైగా ద్రవం! అందుకే విడతలుగా, మెల్లగా ఎక్కిస్తారు. పిల్లల్లో స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చినా ఐవీఐజీకి దీటుగా పనిచేసిందని 2021లో 614 మంది మీద వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. అదే సంవత్సరం, రెండూ కలిపి ఇస్తే గుండెకు మేలన్న అమెరికా అధ్యయనమూ వచ్చింది. రెండూ రోగులను చిట్టీ వేసి పంచిన ట్రయల్స్ కావు కాబట్టి ఎవరి మాట పైచేయో తేల్చలేం. ఐవీఐజీ కొనలేని కుటుంబానికి మాత్రం మొదటి అధ్యయనం పెద్ద ఊరట. వీటికి లొంగకపోతే అనాకిన్రా, టోసిలిజుమాబ్ లాంటి మందులున్నాయి. రక్తం గడ్డకట్టకుండా కూడా చూసుకోవాలి.

స్టెరాయిడ్ అనగానే 2021 మే నెల చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. డెక్సామెథాసోన్ ఆక్సిజన్ అవసరమైన కొవిడ్ రోగుల ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్ ట్రయల్ చెప్పింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు లేదని కూడా అదే ట్రయల్ చెప్పింది. రెండో ముక్క మన దాకా రాలేదు. వాట్సాప్‌లో ప్రిస్క్రిప్షన్లు తిరిగాయి, జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ మింగినవాళ్లు వీధికి నలుగురున్నారు. వైరస్ పెరిగే రోజుల్లో కాపలాదారులకు మత్తు పెట్టడమే అది. షుగర్లు పేలిపోయాయి. కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రిని బ్లాక్ ఫంగస్‌కు ప్రత్యేక కేంద్రం చేయాల్సి వచ్చింది. ఆ భయం ఎంతలా పాతుకుపోయిందంటే, ఎంఐఎస్-ఏలో అదే మందు ఇవ్వబోతే "స్టెరాయిడ్ వద్దు సార్" అని అటెండెంట్లు చేతులడ్డం పెడతారు. మొదటి వారంలో ఇవ్వకూడని మనిషికే ఐదో వారంలో ఇవ్వక తప్పకపోవచ్చు. అప్పుడు కూడా ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకుని, షుగర్ కొలుచుకుంటూ, మెల్లగా తగ్గించుకుంటూ పోవాలి.

దీనికి చుట్టరికం ఉన్న ఇంకో జబ్బు గురించి నాలుగు మాటలు. పేరు హెచ్‌ఎల్‌హెచ్. ఎప్‌స్టీన్-బార్ వైరస్ లాంటివాటి వల్ల వస్తుంది, డెంగీ తర్వాతా చూస్తున్నారు. ఇందులో వైరస్ సోకిన కణాలను చంపాల్సిన కాపలా కణాలు చంపలేవు, కేకలు మాత్రం ఆపవు. ఆ కేకలకు, చెత్తను మింగే కాపలా కణాలైన మాక్రోఫేజ్‌లు పిచ్చెత్తి సొంత రక్తకణాలనే మింగుతాయి. డెంగీ జ్వరం వారం దాటినా విడవక, ప్లీహం పెరిగి, మూడు రకాల రక్తకణాలూ కలిసి తగ్గుతుంటే ఫెరిటిన్ చూడాలి. అది వేలల్లో ఉంటుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఒంట్లో ఇంత మంట ఉంటే, ఎర్రకణాలు ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో కొలిచే ఈఎస్ఆర్ పెరగాలి కదా, కానీ తగ్గుతుంది. ఈఎస్ఆర్‌ను పైకి లేపేది రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్, ఈ జబ్బు దాన్నే తినేస్తుంది. నిన్న 90 ఉన్న ఈఎస్ఆర్ ఇవాళ 15కి వచ్చిందంటే, మనిషి తేరుకోకపోగా నీరసిస్తుంటే, అది శుభవార్త కాదు.

ఈ మధ్య ఎవరికి ఏమైనా వ్యాక్సిన్ మీద పెట్టడం అలవాటైంది కాబట్టి ఆ ముక్కా చెప్పాలి. వ్యాక్సిన్ తర్వాత ఎంఐఎస్-ఏ వచ్చిన కేసులు లేకపోలేదు, అవి మహా అరుదు. అందులో కొందరికి అంతకుముందు కొవిడ్ కూడా ఉంది. టీకా వేసుకున్న 12 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో ఈ జబ్బు ముప్పు 91 శాతం తగ్గిందని 2022 జనవరిలో అమెరికా సీడీసీ చెప్పింది. ఒమిక్రాన్ వచ్చాక జబ్బు ఇంకా తగ్గింది. వార్డుల్లో ఇప్పుడిది కనబడటమే తక్కువ. మళ్లీ కొత్త వైరస్ ఏదైనా వచ్చి పోయిన నెలకు డ్యూటీ డాక్టర్లకు ఈ పేరు గుర్తుంటుందా అన్నదే నా టెన్షన్.

ఈ జబ్బులో వింత, ఊరట రెండూ ఒకచోటే ఉన్నాయి. గుండె ఎంత వేగంగా పడుతుందో చాలామందిలో అంత వేగంగానే లేస్తుంది. స్టెరాయిడ్ పడ్డ రెండో రోజుకు జ్వరం దిగడం, వారం పది రోజుల్లో ఎకో మెరుగుపడటం మామూలే. మన కుర్రాడికి కూడా అలాగే జరిగిందనుకుందాం. తొమ్మిదో రోజు డిశ్చార్జి. 30 శాతం 50కి వచ్చింది. ఫైలు, మందుల కవరు తల్లి చేతిలో ఉన్నాయి. వాడు డాక్టరును అడిగిన మొదటి మాట, "సార్, క్రికెట్ ఆడొచ్చా?"

ఆడకూడదు. మంట పైకి చల్లారినా గుండె కండరంలో మిగిలి ఉండొచ్చు. గట్టిగా పరిగెత్తితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అందుకే మూడు నుంచి ఆరు నెలలు ఆటలు, జిమ్ములు ఆపమంటారు. మళ్లీ ఎకో, ఈసీజీ చూశాకే.

"దీపావళి దాకా బ్యాట్ ముట్టుకోకు. ఆ తర్వాత ఎకో తీసి చెప్తా."

"అంపైరింగ్ చేస్తా సార్, నిలబడే కదా."

"చేసుకో. ఎల్బీడబ్ల్యూ దగ్గర గొడవ పడకు."